లైల్ చేను కోసిన మనిషి

నా భర్త లైల్‌ని చంపింది గేలెన్. ఆ మాట గేలెన్ మొహం మీదే అన్నాను. కానీ ఆ తర్వాత జరిగినదానికి జవాబు చెప్పాల్సింది మీరు. కౌంటీ బోర్డులో కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దలూ, చర్చి భోజనాల హాల్లో శనివారాలు తుపాకీ క్లాసు చెప్పే ప్రూయిట్, ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఫోన్లో నీతులు చెప్పే బీమా ప్లీడరూ, మీరందరూ. పిస్తోలు పట్టుకోవడం ఒక్క పూటలో నేర్పారు. చప్పుడు వినపడిన వైపు పరుగెత్తమని నేర్పారు. పరుగెత్తినవాడు తన ప్రాణస్నేహితుణ్ణే కాల్చి కూలబడితే, ఇక నోరు మూసుకోమని నేర్పారు. నా భర్త ఆఖరి మాటలు గేలెన్ ఒక్కడి దగ్గరే ఉన్నాయి. వాటికి తాళం వేసింది మీరు.

ఇప్పుడు ఊరి ధాన్యం గోదాము గోడకి ఇత్తడి పలక కొడతామంటున్నారు. ఇద్దరు మంచివాళ్లు, ఒక దురదృష్టం అని చెక్కిస్తారట. ముందు ఇది చదవండి. పలక సంగతి తర్వాత చూద్దాం.

జూన్ మొదట్లో గోధుమ పచ్చదనం వదిలి పండుతున్న రోజులు. పొద్దు వాలేసరికి లైల్ చేలో దిగి, ఒక వెన్ను తుంచి, అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి గింజలు నోట్లో వేసుకునేవాడు. గింజ కటుక్కుమంటే కోతకి వచ్చినట్టు. పంటికింద సాగితే ఇంకా తడి ఉన్నట్టు. గోదాములో తేమ కొలిచే మిషనుంది. లైల్‌కి మాత్రం తన పళ్ల మీదే నమ్మకం.

"ఏమంటున్నాయి నీ పళ్లు?" అని గట్టు మీదనుంచి అడిగేదాన్ని.

"ఇంకా రెండ్రోజులు ఆగమంటున్నాయి."

"ప్రతి ఏడూ అదే అంటాయి. ఈలోగా వడగళ్లొచ్చి కోసిపెట్టి పోతాయి."

"నువ్వున్నావుగా. నీ నోటికి జడిసి పక్క కౌంటీలో పడతాయిలే."

ఆ నోటితోనే నేను ఊళ్లో చెడ్డపేరు తెచ్చుకున్నాను. స్కూలు బస్సు నడుపుకుంటూ, మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని చట్టాలు కూడబలుక్కుని చదివి, పందుల ఫారం వాళ్ల మురుగు మా బావుల్లోకి రాకుండా ఆపించినదాన్ని. లైల్ ఒక్క మీటింగుకీ రాలేదు. కానీ నేను తిరిగొచ్చేదాకా వంటింట్లో దీపం ఆర్పేవాడు కాదు. "ఇవాళ ఎవర్ని ఏడిపించొచ్చావు?" అని అడిగి, అంతా విని, అప్పుడు పడుకునేవాడు.

గేలెన్‌ది రోడ్డవతల చేను. పెళ్లిళ్లు కాకముందునుంచీ వాళ్లిద్దరూ కలిసే కోత కోసేవాళ్లు. ఎవరి గోధుమ ముందు పండితే వాళ్ల చేలో రెండు కోతమిషన్లూ పక్కపక్కన నడిచేవి. కోతల్లో గేలెన్ భోజనం మా ఇంట్లోనే. మొన్న చలికాలంలో ఇద్దరూ ప్రూయిట్ క్లాసుకి వెళ్లొచ్చారు. అప్పటినుంచీ ఇద్దరి నడుముకీ పిస్తోళ్లు.

కోతకి ముందురోజు బల్ల దగ్గర కూర్చోగానే చెప్పాను.

"ఆ ఇనప ముక్కలు తీసి రొట్టెల డబ్బా మీద పెట్టండి. నా బల్ల దగ్గర వద్దు."

"భయమా?" అన్నాడు గేలెన్.

"భయం కాదు, రోత. ఒకటడుగుతాను చెప్పు. ఎక్కడికో వెళ్తున్నావు. అక్కడెవడో జనాన్ని కాలుస్తున్నాడు. నువ్వేం చేస్తావు?"

"వెళ్తాను. ఇంకేం చేస్తాను? షెరీఫ్ మనుషులు ఈ మట్టిరోడ్ల మీద పడి వచ్చేసరికి అంతా అయిపోతుంది. చేతిలో సాధనం పెట్టుకుని లారీ కింద దాక్కోమంటావా?"

"అక్కడ ఎవడు ఎవడో నీకెలా తెలుస్తుంది?"

"ప్రూయిట్ చెప్పాడుగా. చేతిలో తుపాకీ ఉన్నవాడే వాడు."

"మరి నీ చేతిలో ఉండేదేంటి, అరటిపండా?"

లైల్‌కి నవ్వాగలేదు. నోట్లో ఉన్న టీ బయటికి వచ్చేసింది. గేలెన్ కూడా నవ్వాడు. ఆ నవ్వులో నా ప్రశ్న కొట్టుకుపోయింది.

"నువ్వు చెప్పు," అన్నాను లైల్‌తో.

మూతి తుడుచుకున్నాడు. "అలాంటి చోటికి పోకుండా ఉంటే బావుండు అనుకుంటాను. పోయాక ఏం చేస్తానో ఇప్పుడు కూర్చుని ఎలా చెప్పను? లోపల ఎవరున్నారో చూడాలిగా."

మర్నాటినుంచీ కోత. మా చేలో దక్షిణం చెక్క బాగా వచ్చింది. గింజ బరువుగా ఉంది. సాయంత్రాలు నేను వంటకని ఇంటికొచ్చేస్తే లైల్ మిషను మీదనుంచి, అటూ ఇటూ మాట్లాడుకునే రేడియోలో పిలిచేవాడు. "ఆర్డిత్, ఉన్నావా?" అని. "లేను, పారిపోయాను," అనేదాన్ని. "ఎవరితో?" అనేవాడు. రోజుకో పేరు చెప్పేదాన్ని. చుట్టుపక్కల చేలల్లో రేడియోలున్న వాళ్లందరూ అది వినేవాళ్లు. ఒకరోజు పాస్టరు పేరు చెప్పాను. ఆ ఆదివారం పాస్టరు మమ్మల్ని చూసి ఎర్రబడిపోయాడు.

ఉత్తరం చెక్క మొదలుపెడదామనుకున్న రోజు. పొద్దున దక్షిణంలో మిగిలిన మూల నేను మిషనెక్కి కోస్తున్నాను. లైల్ నిండిన లారీతో గోదాముకి బయల్దేరుతూ నా మిషను నిచ్చెన దగ్గరికొచ్చి కిందనుంచి అరిచాడు.

"మధ్యాహ్నం తిండేంటి?"

"బీరాక్ బన్నులు. లోపల క్యాబేజీ ఎక్కువేశాను, మాంసం తక్కువైంది."

"నాలుగు బన్నులు దాచిపెట్టు. గేలెన్‌కి చెప్పకు."

వెళ్లిపోయాడు. కాసేపటికి గేలెన్ కూడా తన లారీ నింపుకుని వెనకే పోయాడు.

గోదాములో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మీకు వరసలో చెప్తాను. లారీలు రోడ్డుదాకా బారుతీరి ఉన్నాయి. లైల్ లారీ కాటా దాటి, గింజలు దిమ్మరించే గుంట దగ్గరికి చేరింది. గేలెన్‌ది వరస చివర. అప్పుడు ట్రెంట్ వచ్చాడు. వసంతంలో గోదాము పనిలోంచి తీసేసిన కుర్రాడు, భారీ మనిషి. మేనేజరు గదిలోకి వెళ్లి అతని భుజంలో కాల్చి, కాటా గది వైపు తిరిగాడు. కాటా గదిలో తూకం చూసే మారిసెల్ ఒక్కతే ఉంది.

వరసలో ఉన్న ఎవరో లారీ రేడియోలో అరిచారు. ఆకుపచ్చ టోపీవాడు, తుపాకీ పట్టుకుని గుంట దగ్గర తిరుగుతున్నాడు అని.

ఆకుపచ్చ టోపీ. ఆ వసంతంలో విత్తనాల డీలరు బస్తాలతోపాటు అందరికీ అవే పంచాడు. మా కౌంటీలో ఊరికే వచ్చిన టోపీని కాదనేవాడు లేడు. ట్రెంట్ నెత్తిన అదే. లైల్ నెత్తిన అదే. గేలెన్ నెత్తిన అదే. రేడియోలో అరిచినవాడు అద్దంలో చూసుకుని ఉంటే తన నెత్తినా అదే కనపడేది.

లైల్ లారీ దిగి లోపలికి వెళ్లాడు. కాటా గది గుమ్మంలో ట్రెంట్‌ని తొడలో కాల్చి పడగొట్టాడు. వాడి తుపాకీ దూరంగా తన్నేసి, తన పిస్తోలు వాడిమీద గురిపెట్టి నిలబడ్డాడు. అప్పుడు గేలెన్ దుమ్ములోంచి పరుగెత్తుకొచ్చాడు. కదలిక పసిగట్టి లైల్ వెనక్కి తిరిగాడు. గేలెన్ కాల్చాడు.

ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. నేను మిషను మీద ఉన్నాను. షెరీఫ్ కారు రోడ్డు దిగి, కోసిన మోళ్ల మీదుగా చేలోకి రావడం చూశాను. ఏమిటీ మనిషి, చక్రాలు చిల్లులు పడతాయని తెలీదా అని విసుక్కున్నాను. అతను దిగి, టోపీ తీసి పొట్టకి ఆనించుకుని నడిచొస్తుంటే మిషను ఆపాను. ఆపకుండా ఉండాల్సింది. ఆ చెక్క చివరిదాకా కోసుకుంటూ పోయి, అట్నుంచి అటే పోయుండాల్సింది.

కేసు లేదన్నారు. నిజాయితీగా పొరబడ్డాడు, చట్టం దాన్ని క్షమిస్తుంది అన్నాడు కౌంటీ ప్రాసిక్యూటరు. ప్రూయిట్ పేపరువాళ్లతో మాట్లాడాడు. "ఇద్దరూ చెయ్యాల్సిందే చేశారు," అన్నాడు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. ఇద్దరూ చెయ్యాల్సింది చేస్తే ఒకడు శవపేటికలో ఎందుకున్నాడు, ప్రూయిట్?

కడుపు మండి నేనూ పేపరుకి రాశాను. తుపాకీ ఉన్న ఏ పౌరుడూ కాల్పుల చోటికి వెళ్లకూడదు, తలుపులు తీసి జనాన్ని బయటికి పంపాలి, దెబ్బ తగిలినవాణ్ణి మోసుకెళ్లాలి, అంతే అని రాశాను. వాళ్లు అచ్చేశారు.

సమాధి దగ్గరికి గేలెన్ రాలేదు. రోడ్డు మీద లారీ ఆపుకుని, దాని పక్కన నిలబడి ఉండటం కనపడింది. మర్నాడు ఫోన్ చేశాను.

"లైల్ ఎలా పోయాడు? ఏమన్నా అన్నాడా?"

అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు.

"గేలెన్, నిన్నే అడుగుతున్నాను."

"మాట్లాడొద్దన్నారు ఆర్డిత్," అని పెట్టేశాడు.

తుపాకీ కొన్నప్పుడే బీమా కూడా కొన్నాడట. తుపాకీకి బీమా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. కాల్చినవాడి తరఫున ప్లీడరు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. బదులుగా వాడు ఎవరితోనూ, ముఖ్యంగా చచ్చినవాడి మనుషులతో, ఒక్క ముక్క మాట్లాడకూడదు. క్షమించమని కూడా అనకూడదు. నంబరు సంపాదించి ఆ ప్లీడరుకే ఫోన్ చేశాను.

"మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా," అన్నాడు.

"అర్థం కాలేదు. అయ్యుంటే ఫోన్ పెట్టేసి గేలెన్‌ని నా దగ్గరికి పంపేవాడివి."

"ఆయన ఏం మాట్లాడినా రేపు కోర్టులో ఆయనకే చుట్టుకుంటుంది."

"నేను కోర్టుకి పోను. రాసిస్తాను. నా మొగుడు ఏమన్నాడో అది చాలు నాకు."

"రాసిచ్చినా మీరు మనసు మార్చుకోవచ్చు."

"నీకు పెళ్లయిందా బాబూ?"

"దానికీ ఈ విషయానికీ సంబంధం లేదు."

"అయితే ఇవాళ ఇంటికెళ్లి నీ పెళ్లాం మాట్లాడుతుంటే కాస్త విను," అని పెట్టేశాను.

ఆ రోజుల్లో నేను ఇంట్లో రేడియో కట్టేదాన్ని కాదు. ఊరంతా కోతల్లో ఉంది. వంటింట్లో ఎవరివో గొంతులు, ఎవరివో బేరింగులు పోవడం, ఎవరికో డీజిల్ కావాలనడం. పొద్దు వాలే వేళకి చేతిలో పని వదిలేసి దాని ముందు కూర్చునేదాన్ని. ఆ వేళకి అందరూ ఎందుకో మాట్లాడటం ఆపేసేవాళ్లు. నా కోసమే ఆపేవాళ్లని తర్వాత తెలిసింది. ఖాళీ బుస్సుమనే చప్పుడులో లైల్ గొంతు ఎక్కడో చిక్కుకుని ఉన్నట్టే ఉండేది. ఇంకొంచెం ఓపికపడితే పిలుస్తాడన్నట్టే. ఉన్నావా అని అడిగితే ఈసారి వేళాకోళం ఆడకుండా, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అందామని కూర్చునేదాన్ని.

అతని లారీ సీటు వెనక్కి జరిపి ఉంది. నా కాళ్లు అందవు. ముందుకి లాక్కోవడానికి చెయ్యి రాక, అంచు మీద కూర్చుని తోలేదాన్ని. ఉతకని చొక్కా ఒకటి మిగిలింది. గోధుమ దుమ్ము, గ్రీజు, చెమట. దాన్ని వాసన చూడటం కూడా పొదుపుగా చూసేదాన్ని, అయిపోతుందని. గేలెన్‌కి చెప్పకు అన్న మాటొక్కటే నా దగ్గర మిగిలింది. ఒక మనిషితో అన్నేళ్లు బతికినందుకు అది చాలదు. ఇంకోమాట ఉందని నాకు తెలుసు. అది రోడ్డవతల ఇంట్లో, తాళం వేసిన నోట్లో ఉంది.

ఉత్తరం చెక్క నిలబడే ఉంది. పండి, పండి, వెన్నులు వంగిపోయాయి. గాలి వీస్తే గలగలమంటూ గింజ రాలుతోంది. నేను చూస్తున్నానే కానీ మిషను ఎక్కలేదు.

ఒక పొద్దున రోడ్డు మీద రొద. కోత మధ్యలో ఎవరన్నా పోతే వాళ్ల చేను చుట్టుపక్కలవాళ్లు తమ పని ఆపుకుని వచ్చి కోసిపెడతారు. మా దగ్గర పిలవరు, అడగరు, వస్తారు. మిషన్లు వరసగా నిలబడ్డాయి. మగవాళ్లు దిగి నిలబడ్డారు. అందరివీ వట్టి తలలే. ఒక్కరి నెత్తిమీదా ఆ టోపీ లేదు. ఏళ్లతరబడి ఎండ తగలని నుదుళ్లు తెల్లగా, పసిపిల్లల నుదుళ్లలా ఉన్నాయి.

వరస చివర, అందరికీ దూరంగా, గేలెన్ మిషను.

పాస్టరు నా దగ్గరికొచ్చాడు. "వెళ్లిపొమ్మని చెప్పనా ఆర్డిత్?"

"నా నోరు పడిపోలేదు. నేను చెప్తాను."

నడిచి వెళ్లాను. అందరూ చూస్తున్నారు, చూడనట్టు నిలబడ్డారు. గేలెన్ కిందికి దిగాడు. బాగా తగ్గిపోయాడు. గడ్డం గీసుకున్నచోట రెండు గాట్లున్నాయి.

"నా మొగుణ్ణి చంపావు," అన్నాను.

తలూపాడు.

"ఎందుకొచ్చావు?"

నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

"ప్లీడరు ఒద్దన్నాడా?"

తలూపాడు.

"నా చేలోకి రావొద్దని కూడా అన్నాడా?"

దానికీ తలూపాడు. కళ్లు మాత్రం నా మీద లేవు. ఉత్తరం చెక్క మీద ఉన్నాయి. దాన్ని అతను చూసే తీరు వేరుగా ఉంది. అప్పగించిన పనిని చూసినట్టు చూస్తున్నాడు. ఎవరప్పగించారో నాకప్పుడు తెలీదు. పడమట మబ్బు లేస్తోంది. వెళ్లిపో అందామనే వచ్చాను. నాలిక మీదే ఉంది.

"ఉత్తరపు గేటు దగ్గర నేల మెత్తగా ఉంది," అన్నాను. "దిగబడతావు. పాత గట్టు మీదనుంచి దిగు."

వెనక్కొచ్చేశాను. కాసేపటికి నా వెనక మిషన్లన్నీ ఒకేసారి స్టార్టయ్యాయి.

మధ్యాహ్నం లారీ వెనక తలుపు దించి దానిమీద భోజనాలు పెట్టాం. ఆడవాళ్లు తలా ఒకటి తెచ్చారు. మారిసెల్ వాళ్లమ్మ మొక్కజొన్న పిండితో చేసి ఆవిరిపెట్టిన తమాలీల గిన్నె పట్టుకొచ్చింది. జొన్నాకుల్లో చుట్టారా అని ఎవరో ముసలాయన అడిగితే మొక్కజొన్న పొత్తుల రేకుల్లో అని ఓపిగ్గా చెప్పింది. అందరూ తినడానికి కూర్చున్నాక నా పక్కకొచ్చి నిలబడింది.

"పేపర్లో మీరు రాసింది చదివానండీ."

"చదివావా? మంచిది."

"ఎవరూ వెళ్లకూడదన్నారు."

"అన్నాను."

"నేను బల్ల కింద ఉన్నాను. వాడి బూట్లు కనపడుతున్నాయి. మారిసెల్, మారిసెల్ అని మెల్లిగా పిలుస్తున్నాడు, పిల్లిని పిలిచినట్టు. మీ ఆయన రాకపోతే నేనివాళ ఈ గిన్నె పట్టుకుని ఇక్కడ ఉండను." గిన్నె కింద పెట్టింది. "ఆయన వెళ్లకుండా ఉండాల్సింది అని మీరు రాసినప్పుడల్లా నేను చచ్చుండాల్సింది అని రాసినట్టుంటుందండీ నాకు. ఇది కూడా రాయండి."

"రాస్తాను."

"మరి వెళ్లాలంటారా, వద్దంటారా?"

"నాకు తెలీదు పిల్లా."

"మీకు తెలీనిది కూడా ఉందా? ఊళ్లో ఎవరూ నమ్మరు," అంది. నవ్వబోయి ఏడ్చింది. పట్టుకున్నాను. పంతొమ్మిదేళ్ల పిల్ల. వెచ్చగా ఉంది. నా భర్త ప్రాణం ఇచ్చి కొన్న వెచ్చదనం అది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, లైల్ ఆ లారీ దిగకుండా ఉంటే బావుండేదని కోరుకున్నాను. రెండూ ఒకేసారి కోరుకున్నాను. దీనికి ప్రూయిట్ క్లాసులో జవాబుంటే పంపించండి.

గేలెన్ భోజనానికి రాలేదు. మిషను ఆపకుండా తిరుగుతూనే ఉన్నాడు. ఒక పళ్లెంలో బీరాక్ బన్నులు నాలుగు పెట్టుకుని, అతను మలుపు తిరిగే చోటికి వెళ్లి నిలబడ్డాను. ఆగాడు. నిచ్చెనెక్కి లోపలికెళ్లి పక్కనున్న చిన్న సీటు మీద కూర్చున్నాను. పళ్లెం అతని ఒళ్లో పెట్టాను. తినలేదు. ఇంజను కట్టలేదు. గేరేసి మళ్లీ కదిలించాడు. ముందు గోధుమ కత్తుల్లోకి వాలిపోతోంది. ఆ రొదలో, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"లైల్ లోపలున్నాడని నాకు తెలుసు. అందుకే పరుగెత్తాను. గుంట దగ్గర వాడి లారీలో ఎవరూ లేరు, తలుపు తెరిచుంది."

అతని ఒళ్లోంచి జారుతున్న పళ్లెం తీసి పట్టుకున్నాను.

"దుమ్ము. నేలమీద ఒకడు పడున్నాడు. లైల్ తొడుక్కున్నలాంటి బూడిద రంగు చొక్కా, ఆకుపచ్చ టోపీ. పడున్నది లైల్ అనుకున్నాను. వాడి మీద తుపాకీ పెట్టి ఒకడు నించునున్నాడు. వాడే లైల్‌ని చంపాడనుకున్నాను."

మిషను మలుపు దగ్గరికొచ్చింది. తిప్పాడు. చేతులు పని చేసుకుపోతున్నాయి.

"నా వైపు తిరిగాడు. నోరు కదిలింది. ఏదో అన్నాడు. గింజ ఆరబెట్టే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ఆ హోరులో నాకేమీ వినపడలేదు ఆర్డిత్. నా పేరే అనుంటాడు. లేకపోతే తన పేరు. వినపడుంటే సరిపోయేది."

"తర్వాత?"

"దగ్గరికెళ్లాక చూశాను. కింద కూలబడి వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాను. చెవి వాడి నోటికి ఆనించాల్సొచ్చింది. 'ఎవడ్రా కాల్చింది?' అన్నాడు. నేనే అన్నాను. పడున్నది నువ్వనుకున్నానురా అన్నాను." గేలెన్ మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ట్రెంట్ వైపు చూశాడు. ఆ బొజ్జ వైపు. 'నేనంత లావున్నానట్రా?' అన్నాడు."

నాలోంచి ఒక చప్పుడొచ్చింది. అది నవ్వో ఏమిటో నాకిప్పటికీ తెలీదు.

"ఇంకేమన్నా అన్నాడా?"

"'ఉత్తరం చెక్క నువ్వే కొయ్యాలి మరి' అన్నాడు. తర్వాత 'ఇంటికెవరు చెప్తారు' అన్నాడు. నేను చెప్తానన్నాను. చెప్పలేదు."

ఆ చెక్కలో నిలబడిన గోధుమ సన్నబడి, సన్నబడి, చివరికి ఒక చారైంది. దాన్ని కూడా కోశాడు. అన్నిటికంటే ఎక్కువ ఏం కావాలో అప్పుడు తెలిసింది నాకు. ఇంటికెళ్లి, వంటింట్లో దీపం కింద కూర్చున్న లైల్‌కి ఇదంతా చెప్పాలి. ఇవాళ ఎవర్ని ఏడిపించొచ్చావు అని అతనడగాలి.

మిషను ఆగాక గేలెన్ ఒక్క మాట అన్నాడు. "వాళ్లు బీమా తీసేస్తే తీసేయనీ. ఇదంతా నువ్వు ఎక్కడ చెప్పుకుంటావో చెప్పుకో."

అందుకే చెప్తున్నాను. గేలెన్‌ని క్షమించావా అని ఊళ్లో అడుగుతున్నారు. అది నాకూ గేలెన్‌కీ ఉన్న పని, మీది కాదు. మీ పని వేరే ఉంది.

వెళ్లాలా వద్దా అని మీరు బల్లలు గుద్దుకుంటూ వాదించుకోండి. వెళ్లేవాళ్లు వెళ్తారు. లోపల మారిసెల్ ఉంటే లైల్ లాంటివాడు ఆగడు, లోపల లైల్ ఉంటే గేలెన్ లాంటివాడు ఆగడు. అలా వెళ్లేవాళ్లని తయారుచేసి వదిలింది మీరు. కాబట్టి ప్రూయిట్, నీ ప్రతి క్లాసులోనూ ఆఖరి గంట నాకూ గేలెన్‌కీ ఇవ్వు. అది వినకుండా క్లాసు పూర్తయిందని ఎవరికీ కార్డు ఇవ్వకు. పిస్తోలు తియ్యడం నువ్వు నేర్పు. తీసినవాడు తన చేతిలో ఉన్నది ఎదుటివాడికి ఎలా కనపడుతుందో మేం చెప్తాం. ప్లీడరు బాబూ, కాల్చినవాడు చచ్చినవాడి ఇంటికెళ్లి జరిగింది చెప్పుకోవడానికి నీ కాగితాల్లో చోటు పెట్టు. పెట్టేదాకా నీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

బోర్డు పెద్దలారా, మీ ఇత్తడి పలక నాకొద్దు. నా మొగుడి పేరు దానిమీద చెక్కితే నేనే వచ్చి ఊడబీకుతాను. దాని బదులు కాటా గదిలో, మారిసెల్ చెయ్యి అందే చోట, ఒక మీట పెట్టించండి. నొక్కగానే గోదాములో ఫ్యాన్లు, బెల్టులు, అన్నీ ఆగిపోవాలి. లోపల చిక్కుకున్న మనిషి నోరు తెరిచి తన పేరు చెప్పుకుంటే ఎదుటివాడికి వినపడాలి. జొన్న కోతలొచ్చి మళ్లీ లారీలు వరస కట్టేలోపు ఆ మీట అక్కడ ఉండాలి. నేనొచ్చి నొక్కి చూస్తాను.